సర్వ నిబంధనలూ పాటించిన సైరన్

"తన విధులేమిటో ముందుగా ప్రకటించని ఏ క్లాసూ ఈ కార్యాలయంలో ప్రాణం పోసుకోరాదు!"

ఈ మహావాక్యం నాదే. పెద్దక్షరాలతో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడుగు తొడిగించి, మా ఆఫీసులో మంచినీళ్ల యంత్రం పైన అంటించాను. కింద నా పేరు: ఆర్కిటెక్ట్ ఎవారిస్తో సుమగాయ్‌సాయ్. మా ఇలోయిలో పట్నంలో చదువుకున్నవాణ్ణి ఉత్త పేరుతో పిలిస్తే అవమానించినట్టు లెక్క. వకీలుని వకీలుగారనీ, ఇంజనీరుని ఇంజనీరుగారనీ అనాలి. నేను సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టుని కనుక వీధి వీధంతా నన్ను ఆర్కిటెక్టనే అంటుంది. ఆ నమ్మకంతో పొరుగాయన ఒకసారి కోళ్లగూటికి ప్లాను గీసిమ్మన్నాడు. గీసిచ్చాను. కోళ్లు అందులోకి అడుగు పెట్టలేదు. కోళ్లకు వాస్తుకళ ఏం తెలుసు!

ముందు నా బాధేమిటో మీకు చెప్పాలి. మేం ప్రోగ్రాములు రాసేది జావాస్క్రిప్టులో. అందులో క్లాసంటే ఒక అచ్చు. ఆ అచ్చులోంచి పనివాళ్లను పోతపోస్తాం. ఒక్కొక్క పనివాడికీ ఏయే పనులు వచ్చి ఉండాలో రాసిపెట్టిన జాబితాను ఇంటర్‌ఫేస్ అంటారు. క్రమశిక్షణ గల భాషల్లో, జాబితాలోని పని ఒక్కటి తక్కువైనా ఆ పనివాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టేస్తారు. జావాస్క్రిప్టుకి ఆ పట్టింపే లేదు! నీకు ఈత వచ్చా అని అడగదు. రా నాయనా, కూర్చో, అంటుంది. తీరా నడిఏట్లో ఈదమన్నప్పుడు, "అదేమిటి, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదే!" అని వాడు మునుగుతాడు, మనల్నీ ముంచుతాడు.

ఈ అరాచకాన్ని అంతం చేయడానికి నేను పూనుకున్నాను. ఇరవై నాలుగు పేజీల నిబంధనావళి రాశాను. దాన్ని అమలు చేయడానికి ద్వారపాలకుడు అని ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. ఏ అచ్చులోంచి ఏ పనివాడు పుడుతున్నా, పుట్టే క్షణంలోనే వీడు అడ్డంగా నిలబడతాడు. చేతిలో జాబితా. ఫలానా పేరు గల పని నీ దగ్గరుందా? ఉంది. ఫలానాది? ఉంది. సరే, పుట్టు! ఒక్కటి లేకపోయినా ఎర్రక్షరాలతో అరిచి మొత్తం వ్యవస్థను ఆపేస్తాడు. అయితే ఆ పని లోపల ఏముందో తొంగి చూస్తాడా అంటారేమో. ఛ! ఒకరి పని లోపలికి తొంగి చూడటం సంస్కారవంతుల లక్షణమేనా? పేరుంటే చాలు.

మా ఆఫీసులో క్లారిబెల్ పానెస్ అని ఒకమ్మాయి ఉంది. మా వైపు అమ్మాయిల్ని పిలిచినట్టే ఆమెను ఇందాయ్ అంటాను. నిజంగా ప్రోగ్రాములు రాసేది ఆమె ఒక్కతే. మిగతా వాళ్లం విధానాలు రాస్తాం. నా నిబంధనావళి చదివి ఆమె మొహమాటపడుతూ వచ్చింది.

"సర్, ఇవన్నీ ముందే సరిచూసే భాష, జావాస్క్రిప్టుకి చెల్లెలు లాంటిది, ఒకటుంది కదా. అది వాడితే పోలా?"

"వాడితే మరి నేనేం చేయాలి ఇందాయ్?" అన్నాను. అంతకంటే నిజాయితీగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"పోనీ, ఒక్కో పనినీ పిలిచి చూసే పరీక్షలైనా రాద్దాం సర్. మోగు అంటే మోగుతోందో లేదో..."

"పిలిచి చూడటమంటే అనుమానించడం! ఒప్పందం మీద సంతకం పెట్టినవాణ్ణి అనుమానిస్తారా ఎవరైనా?"

ఆమె "సరే సర్," అని వెళ్లిపోయింది. మా ఊళ్లో సరే సర్ అంటే ఇక మీ ఇష్టం, మీ ఖర్మ అని అర్థం. నేను దాన్ని ఆమోదంగా నమోదు చేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే సాన్ ఎరాస్మో బారాంగై వాళ్ల పని మాకొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే చోటున్న పేట అది. ఏటా ఏరు పొంగి ఇళ్లలోకి వస్తుంది. గట్టున స్తంభం మీద సైరన్ పెట్టాలి, నీటిమట్టం పెరగగానే అది దానంతటదే మోగాలి. పేటకు పెద్ద కపితాన్ డెమెట్రియో. అందరూ ఆయన్ని క్యాప్ అంటారు. ఆయన మొదటిరోజే ప్రారంభోత్సవం తేదీ చెప్పేశాడు.

"ఫ్లెక్సీ అచ్చయిపోయింది ఆర్కిటెక్ట్. శుక్రవారం. నా ఫొటో పెద్దది, మీది చిన్నది."

అచ్చయిన ఫ్లెక్సీని మార్చడం మా దేశంలో ఎవరి తరమూ కాదు. తేదీ మారితే వరదే సర్దుకోవాలి.

నేను సైరన్ కోసం జాబితా రాశాను. మూడే విధులు. మేలుకో. మోగు. మోగావా అంటే జవాబు చెప్పు. నీటిమట్టం కొలిచే క్లాసును క్లారిబెల్ చక్కగా రాసింది. సైరన్ క్లాసు దగ్గర ఆగిపోయింది.

"సైరన్ ఇంకా ఓడ దిగలేదు సర్. ఏ మాట చెబితే అది మోగుతుందో తెలియకుండా ఏం రాయను? మోగు అనే పనిని అసలు పెట్టకుండా వదిలేద్దాం. మీ ద్వారపాలకుడు అరుస్తాడు. అరిస్తే సైరన్ ఇంకా సిద్ధం కాలేదని అందరికీ తెలుస్తుంది. అదే మంచిది."

"క్యాప్ ముందు, నా ద్వారపాలకుడు, నా వ్యవస్థ మీదే అరవాలా?"

"వాడు అందుకేగా ఉన్నాడు సర్?"

మా దేశంలో పనులు రెండు రకాలు. పని కావడానికి చేసేవి కొన్ని, కంప్లయన్స్ కోసం చేసేవి కొన్ని. రెండో రకానికి హాజరుపట్టీ, ఫొటో ఉంటే చాలు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఈ రెండో రకంలో నాకు మంచి పేరుంది. క్లారిబెల్‌ను కుర్చీలోంచి లేపి నేనే కూర్చున్నాను. ద్వారపాలకుణ్ణి మినహాయిస్తే, ఆర్కిటెక్టునయ్యాక నేను స్వహస్తాలతో రాసిన ప్రోగ్రాము అదొక్కటే. మేలుకో: లోపల ఏమీ లేదు. మోగు: లోపల ఏమీ లేదు. మోగావా: నిజం. ఎప్పుడడిగినా, ఎవరడిగినా, నిజం. పక్కన "తర్వాత నింపాలి" అని ఒక ముక్క రాసి నడిపాను. ద్వారపాలకుడు మూడు పేర్లూ చూశాడు, మూడూ ఉన్నాయి. తెర మీద పచ్చక్షరాలు వెలిగాయి: సర్వ నిబంధనలూ పాటించబడినవి!

"చూశావా?" అన్నాను.

"సరే సర్," అంది క్లారిబెల్.

శుక్రవారం ప్రారంభోత్సవం. ఫ్లెక్సీలో క్యాప్ మొహం పడవంత ఉంది, నాది తపాలా బిళ్లంత. స్తంభం ఉంది, దాని మీద సైరన్ లేదు. ఆ చోట పూలదండ కట్టారు. సైరన్ కూత రికార్డు ఒకటి సంపాదించి, పాటలు పాడుకునే వీడియోకె యంత్రంలో పెట్టి, ఫ్లెక్సీ వెనకాల దాచాం. క్యాప్ తీగ కూడా లేని ఎర్ర మీటను గంభీరంగా నొక్కాడు. వెనకాలనుంచి క్లారిబెల్ మోగించింది. పేటంతా దద్దరిల్లింది! జనం చప్పట్లు కొట్టారు. కూత అయిపోగానే వీడియోకె యంత్రం అలవాటు ప్రకారం బాకా ఊది, తొంభై ఎనిమిది మార్కులు వేసింది. క్యాప్ ఆ మార్కులు తనకేననుకుని నమస్కారం పెట్టాడు.

తర్వాత పాన్సిత్ సేమ్యా, ఆకులో చుట్టి ఉడికించిన జిగురన్నం ఇబోస్ పంచారు. నేను రెండో ఇబోస్ ఆకు విప్పుతుండగా ఒక పెద్దావిడ ఎదురుగా వచ్చి నిలబడింది. మానాంగ్ సియానా; మానాంగ్ అంటే అక్కగారని. గట్టుకి ఆనుకునే ఆమె ఇల్లు. వెదురు తడికల మీద చేపలు ఎండబెట్టి అమ్ముకుంటుంది. నలభై తడికలు, అన్నీ ఆమె చేత్తో అల్లినవే. అవే ఆమె బతుకు.

"తోతో," అంది. నలభై నాలుగేళ్ల ఆర్కిటెక్టుని పిల్లాణ్ణి పిలిచినట్టు పిలిచింది. "ఏరు వచ్చినప్పుడు ఇది ఇలాగే అరుస్తుందా?"

"అరుస్తుంది మానాంగ్."

"కచ్చితంగా? ఎందుకడుగుతున్నానంటే, మా ఆయన పోయాక నేను మధ్యాహ్నం పూట కన్ను మూసి తొమ్మిదేళ్లయింది. ఏటికేసి చూస్తూ కూర్చుంటాను. కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీళ్లొచ్చేస్తాయి. పావుగంట ముందు తెలిస్తే చాలు, తడికలు పైకెత్తేసుకుంటాను."

"హాయిగా పడుకోండి మానాంగ్," అన్నాను నోటినిండా ఇబోస్‌తో. "ఒప్పందం ఉంది."

ఆమె నా చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకోబోయింది. మాలో అది చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చేసే మర్యాద. నేను కంగారుగా చెయ్యి లాక్కున్నాను. జిగురు అంటుకుంటుందని లాక్కున్నానని ఆమె అనుకుని ఉంటుంది. అలాగే అనుకోనిచ్చాను.

పది రోజులకు సైరన్ ఓడ దిగింది. స్తంభానికి బిగించారు, తీగలు కలిపారు, ఫొటో తీశారు. క్లారిబెల్ రెండుసార్లు గుర్తు చేసింది.

"సర్, ఆ మోగు లోపల నింపేస్తాను. ఒక్క పూట చాలు."

"ముందు ప్రారంభోత్సవానికి హాజరైనవాళ్లకిచ్చే ప్రశంసాపత్రాల డిజైను ముగించు. అవి శుక్రవారానికి కావాలి."

తర్వాత నేను మరిచిపోయాను. మరిచిపోవడం కూడా కాదు, గుర్తు చేసుకునే అవసరం కనిపించలేదు. లోటుంటే ద్వారపాలకుడు అరిచేవాడు కదా! రోజూ పొద్దున్నే వాడు పచ్చక్షరాలు చూపిస్తున్నాడు, రోజూ నేను కాఫీ తాగుతూ వాటిని చూసి మురుస్తున్నాను. వాణ్ణి రాసింది నేనే, వాడు చెప్పింది నమ్మిందీ నేనే.

మూడో వారం, బుధవారం, మధ్యాహ్నం రెండుంబావు. మా నెత్తిన ఎర్రటి ఎండ. కొండల్లో ఎక్కడో వాన పడింది. మా తెర మీద ఏటి గీత లేచింది. దాని కిందే వరసగా: సైరన్ మోగిందా? నిజం. మోగిందా? నిజం. మోగిందా? నిజం.

"చూడు, ఎంత చక్కగా పని చేస్తోందో!" అన్నాను.

క్లారిబెల్ లేచి కిటికీ తెరిచింది. ఏరు మాకు రెండు వీధుల అవతలే. సైకిల్ బెల్లు వినిపించింది. ఎవరో పుచ్చకాయలమ్ముతున్న కేక వినిపించింది.

"సర్, మీకేమైనా వినపడుతోందా?"

తెర మీద ఏడో నిజం పడింది. ఆర్కిటెక్టు అయ్యాక నేను పరిగెత్తడం అదే మొదలు.

మేం వెళ్లేసరికి మానాంగ్ సియానా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. గుమ్మంలో రెండు తడికలు రెండు చంకల్లో ఇరికించుకుని నిలబడి ఉంది. జుట్టు ఒకవైపు చెదిరి ఉంది, చెంప మీద చాప అచ్చు ఉంది. పడుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత, నా మాట మీద, హాయిగా పడుకుంది. మిగతా ముప్ఫై ఎనిమిది తడికలు చేపలతో సహా మడ చెట్ల వైపు తేలిపోతున్నాయి. సిగ్గేసింది. ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. ఆవిడ మొహంలోకి చూడలేక నేను ఏటికేసి చూశాను.

మర్నాడు క్యాప్ నన్ను పిలిపించాడు.

"కంప్యూటర్ రికార్డు ఏమంటోంది ఆర్కిటెక్ట్?"

"పద్నాలుగుసార్లు మోగిందంటోంది, క్యాప్."

"నేను వినలేదే!"

"నేనూ వినలేదు, క్యాప్. నిజానికి అది..."

"రికార్డు విందిగా! చాలు." ఆయన మొహం వెలిగిపోయింది. "పద్నాలుగుసార్లా! పక్క బారాంగై సైరన్ మూడుసార్లే మోగింది. పైవాళ్లకు నివేదిక పంపుదాం. బాధితుల సంతకాలు పట్టుకురండి. వరద సాయం కూడా ఆ సంతకాల మీదే వస్తుంది."

ఆ కాగితంలో మొదటి గడి: హెచ్చరిక అందినదా? అందినది అని ముందే అచ్చు వేసి ఉంది. అందలేదంటే ఏమవుతుందని అడిగాను. క్యాప్ ఓపిగ్గా వివరించాడు. అందలేదంటే సైరన్ మోగనట్టు. మోగకపోతే నివేదిక తప్పు. తప్పు నివేదికకు సాయం రాదు. కనుక సాయం కావలసిన వాళ్లందరికీ హెచ్చరిక అందే ఉంటుంది. ఇంత పకడ్బందీ తర్కాన్ని నేను నా ఇరవై నాలుగు పేజీల్లోనూ రాయలేకపోయాను!

మానాంగ్ సియానా మడ చెట్ల మధ్య బురదలో విరిగిన వెదురు పుల్లలు ఏరుకుంటోంది. కాగితం చూపించాను. చేతులు లంగాకు తుడుచుకుని, దూరంగా పట్టుకుని చదివింది.

"అందినదని మీరే రాసేశారుగా. మరి నన్నేం అడుగుతున్నట్టు?"

"పేరు రాస్తే చాలు మానాంగ్."

"లోపల ఏముందో నాకు అక్కర్లేదన్నమాట." పేరు రాసింది. పొటెన్షియానా అని పూర్తి పేరు, బడిపిల్లలా గుండ్రంగా. బియ్యం కావాలి, వెదురు కావాలి, రాయక ఏం చేస్తుంది! కాగితం నా చేతికిచ్చి, వదలకుండా పట్టుకుంది. "సంతకం పెట్టేశాను కదా, ఇప్పుడు చెప్పు. మోగిందా?"

నోటి చివర నిజం అన్న మాట సిద్ధంగా ఉంది. ఎవరడిగినా అదే చెప్పమని రాసినవాణ్ణి కదా.

"లేదు మానాంగ్. మోగడం దానికి నేర్పలేదు. పేరు మాత్రం పెట్టాం."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. బురదలోంచి మరో పుల్ల తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని పక్కన పెట్టుకుంది.

"ఇప్పుడైనా నేర్పుతారా?"

"క్లారిబెల్ నేర్పుతుంది. కానీ సైరన్‌ని నడిపే పెట్టె నీళ్లలో మునిగి పాడైంది. కొత్తది మళ్లీ ఓడలో రావాలి."

"ఎన్నాళ్లు?"

"నెల పట్టొచ్చు."

"సరే అయితే. నేను కొత్త తడికలు అల్లుకోవాలి, అల్లుతూ ఏటిని చూస్తూ కూర్చోలేను. సైరన్ వచ్చేదాకా నువ్వే మోగు."

ఆ కాగితాన్ని అక్కడే ముక్కలు ముక్కలు చేశానని రాయాలని నాకెంతో ఉంది. చేయలేదు. తడవకుండా సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడకు బియ్యం వచ్చింది. నాకు "సంపూర్ణ నిబద్ధత"కు గాను చెక్కఫలకం వచ్చింది. మంచినీళ్ల యంత్రం పైన మహావాక్యం పక్కనే చోటుంటే అక్కడ తగిలించారు.

అలా నేను సైరన్‌గా చేరాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, గట్టు మీద బల్ల, నెత్తిన గడ్డి టోపీ, కాళ్ల దగ్గర చెప్పులు. విధులు అవే మూడు: మేలుకో, మోగు, అడిగితే జవాబు చెప్పు. మొదటి మూడు రోజులూ రెప్ప వేయలేదు. దారిన పోయేవాళ్లు "ఏం ఆర్కిటెక్ట్, కట్టడం ఎంతవరకు వచ్చింది?" అని అడిగి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఏటికేసి చూస్తూ కూర్చోవడంలో ఒక గొప్ప తృప్తి ఉంది. నిబంధనావళిలో కొత్త అధ్యాయం రాయాలనిపించింది. పనిని పేరుతో కాదు, పనితోనే కొలవాలి, అంటూ మొదటి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. చాలా బాగా వచ్చింది.

నాలుగో రోజు క్లారిబెల్ బాచోయ్ నూడుల్స్ పెద్ద గిన్నెడు తెచ్చిపెట్టింది. తిన్నాను. చల్లటి గాలి వీస్తోంది.

ఇంట్లోంచి, తడిక అల్లుతూనే, మానాంగ్ సియానా కేకేసింది. "తోతో, మెలకువగానే ఉన్నావా?"

"ఉన్నాను మానాంగ్!"

కాసేపటికి మళ్లీ. "ఉన్నావా తోతో?"

"ఉన్నాను!"

మరి కాసేపటికి ఆ గొంతు చాలా దగ్గరగా, నా నెత్తి మీదనుంచే వినిపించింది.

"తోతో, మెలకువగా ఉన్నావా?"

"ఉన్నాను మానాంగ్."

"కళ్లు తెరుచుకునే ఉన్నాయా?"

"తెరుచుకునే ఉన్నాయి మానాంగ్."

"అయితే నీ చెప్పులు ఎక్కడున్నాయో చెప్పు."

కళ్లు తెరిచాను. మానాంగ్ సియానా చేతిలో సగం అల్లిన తడికతో నా ముందు నిలబడి ఉంది. నా పాదాలు చీలమండల దాకా నీళ్లలో ఉన్నాయి. చెప్పులు, ఒకదాని వెనక ఒకటి, మడ చెట్ల వైపు వెళ్లిపోతున్నాయి. మొదటి వరస తడికలకు నీళ్లు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి.

అప్పుడు మోగాను. నా గొంతులో అంత శబ్దం ఉందని నాకే తెలియదు! "ఏరొచ్చింది! ఏరొచ్చింది!" పేటంతా పరిగెత్తుకొచ్చింది. చేతులు చేతులు కలిపి తడికలన్నీ డాబా మీదికి ఎక్కించాం. ఒక్క చేప పోలేదు. నేను గట్టు మీద కూలబడి ఆయాసపడుతుంటే క్లారిబెల్ పరుగున వచ్చింది.

"సర్! మీ గొంతు ఆఫీసు దాకా వినపడింది! నిజంగా మోగారు సర్!"

జీవితంలో మొదటిసారి ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంది. నేను వినయంగా తల వంచి, నా కొత్త అధ్యాయంలోని మొదటి వాక్యం చెప్పడానికి గొంతు సవరించుకున్నాను.

మానాంగ్ సియానా లంగా అంచు పిండుకుంటూ అడ్డొచ్చింది.

"మోగడానికేం ఇందాయ్, ఈ సైరన్ బ్రహ్మాండంగా మోగుతుంది. కాకపోతే ఏరొచ్చిందని ముందు నేను వెళ్లి దాన్ని లేపాలి."